రంగు సరే, చెక్క సంగతేంటి? 1935 ఆబర్న్ స్పీడ్‌స్టర్

ఈ కారు వీడియో ఎవరు పెట్టినా కింద ఒకటే కామెంటు: “డబ్బున్నోడు, రంగేయించి మెరిపించాడు, అంతే.” చదివిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. రిస్టొరేషన్‌లో, అంటే పాత బండిని మళ్లీ మొదటి రూపానికి తేవడంలో, రంగు వేయడం దాదాపు ఆఖరి పని. అసలు కష్టమంతా రేకు కింద ఉంటుంది. అక్కడ ఉన్నది చెక్క!

[స్క్రీన్ మీద: ఆబర్న్ 851 స్పీడ్‌స్టర్, పక్క నుంచి]

ముందు బండి సంగతి చెప్పేస్తా. స్పీడ్‌స్టర్ అంటే ఇద్దరు కూర్చునే, గట్టి పైకప్పు లేని స్పోర్ట్స్ కారు, 851 దాని మోడల్ నంబరు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం, ఆబర్న్ అనే చిన్న ఊరు. కంపెనీ పేరూ అదే. అవి ఆర్థిక మాంద్యం రోజులు: 1929లో అమెరికా మొత్తం మీద 53 లక్షల బండ్లు తయారైతే, 1932లో 14 లక్షలు కూడా దాటలేదు. ఆబర్న్ షోరూముల్లో ఈగలు తోలుకుంటున్నారు. జనాన్ని లోపలికి లాగే బండి ఒకటి కావాలి, చేతిలో డబ్బు లేదు. డిజైనర్ గోర్డన్ బ్యూరిగ్ ఏం చేశాడంటే, అంతకుముందు అమ్ముడుపోక మిగిలిన స్పీడ్‌స్టర్ బాడీలు బయటికి తీయించి, కోసి, మార్చి, వెనక్కి పోయేకొద్దీ సన్నబడే ఆ తోక పెట్టించాడు. ధర 2,245 డాలర్లు. కరువు రోజుల్లో ఇంత ఖరీదా అని తిట్టుకోకండి. దీన్ని చూడటానికి వచ్చినవాడు పక్కనున్న సెడాన్ కొనుక్కుని పోతాడని వాళ్ల ఆశ.

డ్యాష్‌బోర్డు మీద చిన్న ప్లేటు ఉంటుంది, చూడండి. ఈ బండిని గంటకు 100 మైళ్లు దాటించి చూశామని ఏబ్ జెంకిన్స్ సంతకం. రేసు డ్రైవర్, తర్వాత సాల్ట్ లేక్ సిటీకి మేయర్ కూడా అయ్యాడు. ప్రతి బండినీ ఆయనే తోలి చూశాడంటే నేనైతే నమ్మను. కానీ అమ్మకానికి అంతకంటే మంచి ఎత్తుగడ ఏముంటుంది?

సరే, చెక్క దగ్గరికి వద్దాం. బాడీ మొత్తం స్టీలుతో ప్రెస్సులో కొట్టాలంటే పెద్ద పెద్ద డైలు, అంటే రేకును ఆకారంలోకి నొక్కే అచ్చులు, చేయించాలి. లక్షల్లో బండ్లు అమ్మేవాళ్లకే అది గిట్టుబాటు. ఈ స్పీడ్‌స్టర్లు చూస్తే మహా అయితే వందల్లో. అందుకని చెక్కతో చట్రం కట్టి, దాని మీద రేకు తొడిగేవాళ్లు. ఇలాంటి బాడీలకు ఎక్కువగా వాడింది యాష్ కలప, బేస్‌బాల్ బ్యాట్లు చేసేది.

నులక మంచం గుర్తు తెచ్చుకోండి. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. ఒక్క బెజ్జంలో పట్టె వదులైతే చాలు, మంచం మొత్తం ఓ పక్కకి ఒరుగుతుంది. ఈ కారూ అంతే. తలుపు పక్క స్తంభాలు కోళ్లు, తలుపు కింద పొడుగ్గా ఉండేవి పట్టెలు. మామూలు కారుకైతే పైకప్పు ఈ స్తంభాలన్నిటినీ పట్టి ఉంచుతుంది. ఇది కన్వర్టిబుల్, అంటే మడిచే గుడ్డ టాపు బండి, దీనికి ఆ దిక్కు లేదు. పైగా గుడ్డ టాపు సందుల్లోంచి దిగిన వాన నీళ్లు ఆ పట్టెల్లోనే చేరతాయి. చెక్క పుచ్చుతుంది, స్క్రూలు పట్టు వదిలేస్తాయి, తలుపు కిందికి జారుతుంది. తలుపును కాస్త పైకెత్తి వేస్తే తప్ప పడదు.

ఇక్కడే చాలామంది కొంప ముంచుకుంటారు. పుచ్చిన చెక్కను ముందే పీకి పారేస్తారు. పీకగానే రేకుకి ఆధారం పోయి, ఆకారమే మారిపోతుంది. పద్ధతి తెలిసినవాళ్లు ముందు బాడీ లోపల ఇనుప గొట్టాలు అడ్డంగా వెల్డు చేసి, కదలకుండా బిగిస్తారు. తర్వాత ఒక్కో ముక్కా తీసి, చేతిలో పొడి రాలుతున్నా సరే, దాన్నే కాగితం మీద పెట్టి గీస్తారు. ఆ గీత ప్రకారం కొత్త ముక్క కోస్తారు. చట్రం వంకరగా ఉండగా ఎంత ఖరీదైన నులక అల్లితే ఏం లాభం? “రంగేయించాడు” అనేవాళ్లకి కనిపించేది ఆ నులక మాత్రమే.

[స్క్రీన్ మీద: తలుపు అంచు దగ్గరగా]

తలుపు చుట్టూ ఉన్న ఈ సందు చూడండి. పైన, కింద, పక్కన ఒకే వెడల్పు. ఇలా రావడానికి బాడీని ఛాసిస్ (ఇంజిన్, చక్రాలు బిగించే కింది ఇనుప చట్రం) మీద కూర్చోబెట్టి, బోల్టుల దగ్గర పల్చటి బిళ్లలు పెడతారు. మంచం కోడు కింద చెక్కముక్క తోసినట్టే! ఒక మూల బిళ్ల పెడితే ఇంకో మూల తలుపు లేస్తుంది. ఓపిక కావాలి బాబూ. ఇదంతా రంగు పడకముందే అయిపోవాలి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. ఇంజిన్: లైకమింగ్ కంపెనీది, వరసగా 8 సిలిండర్లు, సూపర్‌చార్జర్‌తో (ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా తోసే పంపు) 150 హార్స్‌పవర్. ఆ సూపర్‌చార్జర్ క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) కంటే ఆరు రెట్లు వేగంగా తిరుగుతుంది, కాబట్టి విప్పితే అనుభవం ఉన్నవాళ్లే విప్పాలి. టాపు: మడిచి వెనక రేకు మూత కిందికి తోసేస్తారు, బయటికి కనబడదు. రంగు: అప్పట్లో వేసింది లాకర్ (lacquer) అనే రకం పెయింటు. ఇప్పుడు ఎగ్జిబిషన్లలో అద్దంలా మెరిసేవి ఫ్యాక్టరీలో కూడా అంత మెరవలేదు. నాకది కాస్త అతి అనిపిస్తుంది.

చివరగా, నకళ్లు. 1960ల నుంచి ఫైబర్‌గ్లాస్ బాడీతో స్పీడ్‌స్టర్ నకళ్లు వస్తున్నాయి. బాగానే ఉంటాయి, వాటితో నాకు గొడవ లేదు. కానీ వాటిని “రిస్టోర్డ్” అని అమ్మితే మాత్రం ఒప్పుకోకండి. తలుపు తెరిచి, కింది పట్టె దగ్గర కార్పెట్ లేపి చూపించమనండి. చెక్క చట్రం గురించి అడిగితే నీళ్లు నమిలేవాడి దగ్గర బేరం మొదలుపెట్టొద్దు.