ఆనా పెళ్ళి అనుకుంటే థియోఫానో పెళ్ళయింది

మరిది: నమస్కారం. ఇవాళ ఆనా. బైజాంటియం, అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యం, అక్కడి రాజకుమారి. కియెవ్ పాలకుడు వ్లాదిమిర్‌కి ఇచ్చి చేశారే, ఆవిడ. వదినా, పట్టుబట్టల ఊసెత్తకూడదు.

వదిన: సరే, ఎత్తను.

మరిది: సేనాని బర్దాస్ ఫోకాస్ తిరగబడితే బైజాంటియం చక్రవర్తి రెండో బాసిల్‌కి వ్లాదిమిర్ 6,000 మంది సైనికులను పంపాడు. బదులుగా బాసిల్ చెల్లెలు ఆనాని అడిగాడు. బాప్టిజం తీసుకుంటేనే పిల్లనిస్తామన్నారు. ఆనా ఊదారంగు రాతి గదిలో పుట్టింది, తండ్రి గద్దె మీద ఉండగా. అలాంటి పిల్లని పరాయి దేశాల వాళ్ళకి ఇవ్వడమే లేదు.

వదిన: అవును, చిన్న ఒట్టోకి ఇవ్వం అన్నారు కదా. 968లో కొడుక్కి సంబంధం అడగమని జర్మన్ చక్రవర్తి పెద్ద ఒట్టో బిషప్ లియుట్‌ప్రాండ్‌ని పంపితే...

మరిది: వచ్చేశాయి పట్టుబట్టలు!

వదిన: రానీ. పిల్లనివ్వలేదు సరే, వెళ్ళేటప్పుడు మూటలు విప్పించి ఐదు ఊదా పట్టుబట్టలు లాక్కున్నారు. ఇవి మీలాంటి వాళ్ళు కట్టేవి కావని! కడుపు మండి ఆయన రాసిన తిట్లే మనకి చరిత్ర.

మరిది: సరే, ఆనా...

వదిన: నాలుగేళ్ళకి, 972లో, థియోఫానోని పంపారు. రోమ్‌లో పోప్ పెళ్ళి చేశాడు.

మరిది: అది మోసం వదినా. అడిగింది చక్రవర్తి కూతుర్ని. వచ్చింది కొత్త చక్రవర్తి జాన్ త్జిమిస్కెస్‌కి మేనకోడలి వరస పిల్ల. వెనక్కి పంపేద్దామని ఒట్టో కొలువులోనే కొందరన్నారు.

వదిన: పంపారా మరి? మీటరున్నర తోలు కాగితానికి ఊదా రంగు వేయించి, బంగారు అక్షరాలతో ఆస్తులు రాసిచ్చారు. కింద గుండ్రటి బొమ్మలు, అచ్చం పట్టు...

మరిది: మళ్ళీ!

వదిన: పట్టు అద్దకంలా ఉంటే ఏమనమంటావు? జర్మనీలో వోల్ఫెన్‌బ్యుట్టెల్‌లో ఉంది, చూసుకో.

మరిది: ఆస్తి రాసినంత మాత్రాన సంబంధం సరైనదైపోతుందా?

వదిన: ఎవరి లెక్కలో సరైనది? 983లో భర్త పోయాడు. కొడుక్కి మూడేళ్ళు. ఆ పసివాణ్ణి భర్త వైపు బంధువు హెన్రీ ఎత్తుకుపోతే అత్తగారూ తనూ కలిసి వెనక్కి రప్పించారు. చనిపోయేదాకా రాజ్యం తనే నడిపింది. రెండో రకం పిల్ల చేసే పనేనా ఇది?

మరిది: ఆవిడ గొప్పది కాదని నేననలేదు. పంపినవాళ్ళు తెలివిమీరారన్నాను.

వదిన: అలా అను.

(నవ్వులు)

మరిది: శ్రోతల్లారా, ఆనాకి రెండు నిమిషాలే మిగిలాయి. కియెవ్‌కి ఏడుస్తూ వెళ్ళిందని అక్కడి వృత్తాంతంలో ఉంది. 1011లో పోయింది. అంతే.

వదిన: పాపం.

మరిది: పాపమే. తన కోసం కాదు, అన్న గద్దె కోసం వెళ్ళింది.

వదిన: ఆనా మేనకోడలు జోయీ సంగతి ఇంకా అన్యాయం. థియోఫానో కొడుకు మూడో ఒట్టోకి చివరికి ఊదా గది పిల్లనే ఇస్తామన్నారు. 1002లో పెళ్ళికూతురు ఇటలీలో బారీ రేవులో దిగేసరికి వరుడు పోయాడన్న కబురు.

మరిది: అక్కణ్ణుంచే వెనక్కా?

వదిన: అక్కణ్ణుంచే. మళ్ళీ పెళ్ళి 1028లో, యాభై ఏళ్ళకి. ఆ తర్వాత ఇంకో ఇద్దర్ని చేసుకుంది. కాన్‌స్టాంటినోపుల్‌లోని హగియా సోఫియా గోడ మీది మొజాయిక్‌లో, రంగు రాళ్ళు పొదిగిన బొమ్మలో, జోయీ పక్కనున్న భర్త మొహం...

మరిది: వదినా, టైమ్ దాటిపోయింది.

వదిన: మొహం చెక్కించి మార్చారయ్యా, అది చెప్పకుండా ఎలా...