ఇంట్లో అందరూ అడ్మినిస్ట్రేటర్లే అయితే? స్టాండర్డ్ అకౌంట్ ఎందుకు, ఎలా

నమస్కారమండి. ఈ వీడియోలో ఒకే ఒక్క సెట్టింగ్ గురించి మాట్లాడుకుందాం. మీ ఇంట్లో కంప్యూటర్‌ని రోజూ ఏ అకౌంట్‌తో వాడుతున్నారో చూసుకోవాలి. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్ అంటే కంప్యూటర్‌లో ఏ మార్పైనా చెయ్యగల అకౌంట్, స్టాండర్డ్ అంటే రోజువారీ పనులకి సరిపడా అధికారమే ఉన్న అకౌంట్. మీది అడ్మినిస్ట్రేటర్ అయితే స్టాండర్డ్‌గా మార్చేసుకోవాలి. పైసా ఖర్చు లేదు.

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రాజోలు, ఏ ఊరు తీసుకున్నా చాలా ఇళ్లలో కంప్యూటర్ ఒకటే ఉంటుంది. పొద్దున్నే నాన్నగారు రొయ్యల చెరువు లెక్కలు, మేత బిల్లులు ఎక్సెల్‌లో వేసుకుంటారు. మధ్యాహ్నం ఎవరికో మీభూమి నుంచి వన్‌-బి ప్రింటు కావాలి. సాయంత్రం పిల్లలు ఈఏపీసెట్ మాక్ టెస్టులు రాస్తారు, ఆ వెనకే గేములు. రాత్రికి దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్న అబ్బాయితో వీడియో కాల్. ఇంతమందీ వాడేది ఒకటే అకౌంట్. కంప్యూటర్ కొన్నప్పుడు షాపులో చేసిచ్చింది, చాలా చోట్ల దానికి పాస్‌వర్డ్ కూడా ఉండదు. అదే అడ్మినిస్ట్రేటర్ అకౌంట్.

దాంతో వచ్చే చిక్కేమిటో చూడండి.

[స్క్రీన్ మీద: డౌన్‌లోడ్స్ ఫోల్డర్. అందులో ఒక జిప్ ఫైల్.]

మీ పిల్లాడు ఓ గేమ్‌కి క్రాక్, అంటే డబ్బు కట్టకుండా ఆడించే దొంగ ఫైల్, దించుకున్నాడు అనుకుందాం. జిప్ విప్పితే లోపల ఒక చిన్న టెక్స్ట్ ఫైల్. "ముందు యాంటీవైరస్ ఆపేయండి, తర్వాత రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కండి" అని రాసుంటుంది. నొక్కగానే స్క్రీన్ మసకబారి, మధ్యలో ఒక బాక్స్ వస్తుంది. ఈ యాప్‌ని మీ కంప్యూటర్‌లో మార్పులు చెయ్యనివ్వాలా అని అడుగుతుంది. కింద అన్‌నోన్ పబ్లిషర్ అని ఉంటుంది, అంటే తయారుచేసింది ఎవరో తేలలేదని. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌లో ఉంటే అక్కడ యెస్ నొక్కితే చాలు. గేమ్ ఆడాలన్న తొందరలో ఉన్న పిల్లాడు నొక్కేస్తాడు. ఆ క్షణం నుంచి ఆ ప్రోగ్రాం విండోస్ ఫోల్డర్‌లో చెయ్యి పెట్టగలదు, యాంటీవైరస్‌ని ఆపగలదు, కొత్త అకౌంట్లు సృష్టించగలదు, ఇంట్లో అందరి ఫైళ్లూ తెరవగలదు.

అదే పిల్లాడు స్టాండర్డ్ అకౌంట్‌లో ఉంటే అదే బాక్స్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ వాడికి తెలియదు. కథ అక్కడే ఆగిపోతుంది.

కాలువల కింద వ్యవసాయం చేసే మనకి ఈ పద్ధతి తెలిసిందే. బోదెలోంచి ఎవరి చేలోకి వాళ్లు నీళ్లు పెట్టుకుంటారు. లాకుల దగ్గర తలుపులెత్తడం మాత్రం లష్కరు పని. రైతు మీద నమ్మకం లేక కాదు, ఆ తలుపు ఎత్తితే కింద ఊళ్లన్నిటికీ సంబంధం కాబట్టి.

కంప్యూటర్లలో ఈ మాట చాలా పాతది. ఏ పనికి ఎంత అధికారం అవసరమో అంతే ఇవ్వాలని జెరోమ్ సాల్జర్, మైఖేల్ ష్రోడర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1975లోనే రాశారు. కానీ 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టిన అకౌంట్లన్నీ అడ్మినిస్ట్రేటర్లే అయ్యేవి. మనకు ఆ అలవాటు అప్పటి నుంచే పట్టుకుంది. ఇందాకటి మసకబారే బాక్స్ ఆ తర్వాతి వెర్షన్ విండోస్ విస్టాతో వచ్చింది.

ఇప్పుడు మార్చుకుందాం. వరస తప్పకూడదు, ముందు కొత్త అడ్మినిస్ట్రేటర్ అకౌంట్, ఆ తర్వాతే పాతదాన్ని తగ్గించడం.

[స్క్రీన్ మీద: సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్]

యాడ్ అకౌంట్ నొక్కండి. ఈమెయిల్ అడిగితే, ఈ మనిషి సైన్-ఇన్ వివరాలు నా దగ్గర లేవు అనే లింకు నొక్కి, తర్వాతి పేజీలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా అనేది ఎంచుకోండి. పేరు మరమ్మతు అని పెట్టుకోండి, అప్పుడు దీన్ని ఎప్పుడు తెరవాలో పేరే చెబుతుంది. గట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి. దాన్ని కాగితం మీద రాసి పట్టాదారు పాసుపుస్తకాలు పెట్టే చోట పెట్టండి. ఇది మర్చిపోతే చాలా ఇబ్బంది పడతారు. ఇప్పుడు చేంజ్ అకౌంట్ టైప్‌లోకి వెళ్లి అడ్మినిస్ట్రేటర్ చెయ్యండి.

సైన్ అవుట్ అయి, మరమ్మతులోకి ఒకసారి వెళ్లి చూడండి. బాగానే తెరుచుకుంటే అక్కడి నుంచే మీ పాత అకౌంట్‌ని స్టాండర్డ్ యూజర్ చేసెయ్యండి. మీ ఫైళ్లు, ఫొటోలు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఎక్కడివి అక్కడే ఉంటాయి. పిల్లలకి విడిగా ఇంకో స్టాండర్డ్ అకౌంట్ పెడితే ఇంకా మంచిది, మీ అకౌంట్‌కి పాస్‌వర్డ్ ఉంటే వాళ్లు మీ డాక్యుమెంట్లు తెరవలేరు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "పిల్లలకి సరే, నాకెందుకండీ?" అంటారు. మీకే ముఖ్యం. బ్యాంకు పనులు, చెరువు లెక్కలు మీ అకౌంట్‌లోనే కదా ఉన్నాయి. వాట్సాప్‌లో బిల్లు అని వచ్చిన ఫైల్ తెరిచేదీ మీరే. ఎక్సెల్, ప్రింటు, బ్రౌజింగ్, వీడియో కాల్, వేటికీ అడ్మినిస్ట్రేటర్ అక్కర్లేదు. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు మాత్రం ప్రతిసారీ పాస్‌వర్డ్ అడుగుతాయి. వాటికి కొత్త వెర్షన్ ఉందేమో కనుక్కోండి. అంతేగాని విసుగొచ్చి మళ్లీ అందర్నీ అడ్మినిస్ట్రేటర్లని చెయ్యకండి.

ఊళ్లో అమ్మానాన్నలకి ఈ సెట్టింగ్ చేసిపెట్టే పిల్లలు ఒక మాట కచ్చితంగా చెప్పండి. "నాన్నగారూ, మీరేమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా పాస్‌వర్డ్ బాక్స్ వచ్చిందా, నో కొట్టేసి నాకు ఫోన్ చెయ్యండి."

దీంతో అన్నీ ఆగవు. రాన్సమ్‌వేర్ అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం. స్టాండర్డ్ అకౌంట్‌లో నడిచినా అది ఆ అకౌంట్‌లోని ఫైళ్లన్నిటికీ తాళం వెయ్యగలదు. అందుకే లెక్కలు, ఫొటోలు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో కాపీ చేసి, వైరు పీకి పక్కన పెట్టండి. అప్‌డేట్లూ ఆపకండి. 2017 మేలో వచ్చిన వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ విండోస్‌లోని లోపం పట్టుకుని దూరింది, అకౌంట్ ఏదైనా దానికి లెక్కలేదు. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ అదే ఏడాది మార్చిలోనే వచ్చింది. ఫోన్‌లో ఎవరికైనా ఓటీపీ చెప్పేస్తే మాత్రం ఏ అకౌంటూ కాపాడదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

చివరగా, పని సరిగ్గా అయిందో లేదో ఇలా చూసుకోండి. మీ రోజువారీ అకౌంట్‌లోకి వెళ్లి, స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ వెతికి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కండి. ఉత్త యెస్, నో మాత్రమే వస్తే అకౌంట్ ఇంకా మారలేదు, మరమ్మతులోకి వెళ్లి మళ్లీ చూడండి. పాస్‌వర్డ్ అడిగితే అంతా సరిగ్గా ఉన్నట్టే, నో కొట్టి మీ పని చూసుకోండి.