టి కణాల ఎంపిక: థైమస్‌లో జరిగేదేమిటి?

[తెరపై: ఛాతీ ఎముక వెనుక, గుండెకు కాస్త పైన, రెండు తమ్మెలున్న ఒక గ్రంథి]

నమస్కారం. ఈ గ్రంథి పేరు థైమస్. దీనితో శరీరానికి పెద్దగా పనేమీ లేదని వైద్యులు చాలాకాలం భావించారు. 1961లో లండన్‌లో పరిశోధకుడు జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల నుంచి దీన్ని తొలగించి చూడగా, వాటిలో లింఫోసైట్లు, అంటే రోగనిరోధక శక్తినిచ్చే ఒక రకం తెల్ల రక్తకణాలు, బాగా తగ్గిపోయాయి. పరాయి ఎలుక చర్మాన్ని అతికించినా అవి దాన్ని తిరస్కరించలేకపోయాయి.

[తెరపై: ఎముక మజ్జ నుంచి థైమస్‌కు చేరుతున్న కణాలు]

టి కణాలు లింఫోసైట్లలో ఒక రకం. వాటి మూలకణాలు ఎముక మజ్జలో పుట్టి ఇక్కడికి వస్తాయి. వచ్చాక ఒక్కో కణం తన గ్రాహకానికి, అంటే ఎదుటివాటిని గుర్తుపట్టే ప్రొటీన్‌కు, సంబంధించిన జన్యు ముక్కలను ఇష్టం వచ్చినట్లు కలిపి కుట్టుకుంటుంది. ఈ కలయిక యాదృచ్ఛికం కనుక కొన్ని గ్రాహకాలు దేనికీ పనికిరావు, కొన్ని మన శరీరాన్నే శత్రువుగా చూస్తాయి. అందుకే వడపోత అవసరమవుతుంది.

థైమస్ వెలుపలి భాగంలో మన సొంత ఎంహెచ్‌సి అణువులను (కణాలు తమలోని ప్రొటీన్ ముక్కలను పైకి చూపేందుకు వాడే అణువులను) కాస్తయినా గుర్తుపట్టలేని కణాలు కొద్ది రోజుల్లోనే చనిపోతాయి. టి కణాలు మన శరీరాన్ని అసలే గుర్తించవని కొందరు చెబుతుంటారు గానీ, అది సరికాదు: కొంత గుర్తించాలి, అతిగా గుర్తించకూడదు.

[తెరపై: థైమస్ లోపలి భాగం]

అతిగా గుర్తించేవాటిని పట్టుకునేది ప్రధానంగా లోపలి భాగంలో. ఇక్కడొక చిక్కుంది. ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలో. దానిపై దాడి చేయగల కణాన్ని ఛాతీలో ఉన్న గ్రంథి ముందుగానే ఎలా పసిగడుతుంది? అక్కడి ఉపకళా కణాల్లో ఎయిర్ అనే జన్యువు పనిచేస్తూ, మామూలుగా ఇతర అవయవాల్లోనే తయారయ్యే వేలాది ప్రొటీన్లను, ఇన్సులిన్‌తో సహా, కొద్దికొద్దిగా తయారు చేయిస్తుంది. ఒక్కో కణం వాటిలో కొన్నింటినే చూపినా, అన్నీ కలిస్తే దాదాపు శరీరమంతటి నమూనా అక్కడే సిద్ధమవుతుంది. నా దృష్టిలో ఈ కథలో అత్యంత ఆశ్చర్యకరమైన ఘట్టం ఇదే. ఆ నమూనాలకు గట్టిగా అతుక్కున్న కణాల్లో చాలావరకు చనిపోతాయి. 1997లో గుర్తించిన ఈ జన్యువు లోపిస్తే పారాథైరాయిడ్, అడ్రినల్ గ్రంథులపై సొంత టి కణాలే దాడి చేస్తాయి.

అయినా కొన్ని తప్పించుకుంటాయి. వాటిని అదుపు చేసే నియంత్రక టి కణాలను షిమోన్ సకగుచి 1995లో వివరించగా, మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001లో వాటికి కీలకమైన ఫాక్స్‌పి3 జన్యువును వెలికితీశారు. ఈ ముగ్గురికీ 2025లో వైద్యశాస్త్ర నోబెల్ లభించింది. ఆ జన్యువు దెబ్బతిన్న మగపిల్లల్లో నెలల వయసులోనే తీవ్రమైన విరేచనాలు, ఎగ్జిమా, టైప్ 1 మధుమేహం కనిపిస్తాయి.