రాత్రి రెండింటికి నర్సు ఎక్కడుంది?

అందరికీ నమస్కారం. తెలుగువాళ్ళ మీటింగ్‌లో నర్సుని మాట్లాడమన్నారంటే బీపీ, షుగర్ గురించి చెబుతుందని అనుకుని వచ్చి ఉంటారు. వాటి మీద మీ వాట్సాప్‌లో ఇప్పటికే కావలసినంత ఉంది. నేను మన మెల్‌బోర్న్‌లోని ఏజ్డ్ కేర్ హోముల గురించి, అంటే పెద్దవాళ్ళని చూసుకునే హోముల గురించి, వాటిలో రిజిస్టర్డ్ నర్సులు, అంటే డిగ్రీ చదివిన పూర్తిస్థాయి నర్సులు, ఎంతమంది ఉండాలన్న లెక్క గురించి మాట్లాడతాను. ఇక్కడ వీకెండ్‌లో ఆ హోముల్లో పెద్దవాళ్ళ రోజువారీ పనుల్లో సాయపడే కేరర్‌గా చేసే స్టూడెంట్లున్నారు. అత్తగారికో మామగారికో హోమ్ వెతుకుతున్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ పనికొస్తుంది.

ముందు ఒక రాత్రి సంగతి చెబుతాను. రెండు దాటి పది నిమిషాలైంది. బెల్ మోగింది. బాత్రూమ్ గుమ్మం దగ్గర తొంభై దాటిన పెద్దాయన పడి ఉన్నాడు. కేరర్ మన గుంటూరు వైపు అబ్బాయే, మాస్టర్స్ చదువుతున్నాడు. "అక్కా, లేపి కూర్చోబెట్టనా?" అన్నాడు. వద్దన్నాను. ఒక కాలు పొట్టిగా కనిపిస్తోంది, పాదం బయటికి తిరిగిపోయింది. తుంటి ఎముక విరిగి ఉండొచ్చు. పైగా ఆయన రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటాడు, తలకి దెబ్బ తగిలితే లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం ఎక్కువ. కనుపాపలు చూశాను, బీపీ చూశాను, అంబులెన్స్ కోసం ట్రిపుల్ జీరోకి ఫోన్ చేశాను. సరిగ్గా అప్పుడే అవతలి వింగ్‌లో ఆఖరి ఘడియల్లో ఉన్న ఒకావిడకి మార్ఫిన్ టైమయింది. ఆ బీరువా తాళాలు నా దగ్గరున్నాయి. ఆ రాత్రి బిల్డింగ్ మొత్తానికి రిజిస్టర్డ్ నర్సుని నేనొక్కదాన్నే.

పెద్దాయనకి దుప్పటి కప్పి, కదలనివ్వకుండా మాట్లాడిస్తూ ఉండమని అబ్బాయికి చెప్పి పరుగెత్తాను. అవతల మందు పదిహేను నిమిషాలు ఆలస్యమైంది. పదిహేను నిమిషాలే కదా అని మనకి అనిపిస్తుంది. మంచం పక్కన తల్లి చెయ్యి పట్టుకుని కూర్చున్న ఆ కూతురు గోడ గడియారం వైపే చూస్తోంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటేనే బాగుండేది.

ఇంతా చేస్తే, ఆ రాత్రి చట్టప్రకారం లోటేమీ లేదు.

అసలు ఆ చట్టం ఎక్కణ్ణించి వచ్చింది? 1997 నాటి ఏజ్డ్ కేర్ చట్టంలో తగినంత మంది, తగిన నైపుణ్యం ఉన్న సిబ్బంది ఉండాలన్న మాటే తప్ప అంకె ఉండేది కాదు. తగినంత అంటే ఎంత అనేది హోమ్ నడిపేవాళ్ళ ఇష్టంగా ఉండేది. 2018లో ఈ హోముల మీద ప్రభుత్వం రాయల్ కమిషన్, అంటే పెద్ద స్థాయి విచారణ సంఘం, వేసింది. మరుసటి ఏడాది వచ్చిన మధ్యంతర నివేదికకి వాళ్ళు పెట్టిన పేరు ఒక్కటే మాట: నిర్లక్ష్యం. 2021 మార్చిలో వచ్చిన తుది నివేదికలో 148 సిఫార్సులున్నాయి. నర్సుల లెక్క అందులోదే. 2023 జులై 1 నుంచి ప్రతి హోమ్‌లో ఇరవైనాలుగు గంటలూ కనీసం ఒక రిజిస్టర్డ్ నర్సు డ్యూటీలో, అదీ అక్కడే ఉండాలి. ఫోన్‌లో అందుబాటులో ఉంటే చాలదు. మారుమూల ఊళ్ళలోని చిన్న హోములు కొన్నిటికి మినహాయింపు ఇచ్చారు.

రెండోది నిమిషాల లెక్క. ఒక్కో మనిషికి రోజుకి సగటున 200 నిమిషాల కేర్, అందులో 40 రిజిస్టర్డ్ నర్సువి. 2023 అక్టోబరు నుంచి ఇది తప్పనిసరి. ఏడాది తిరిగేసరికి 215 చేశారు, నర్సు వాటా 44. ఇది దేశం మొత్తం మీద సగటు. ఉన్నవాళ్ళ పరిస్థితిని బట్టి ఒక్కో హోమ్ టార్గెట్ మారుతుంది. వంట, క్లీనింగ్ ఇందులోకి రావు.

ఇప్పుడు 44ని కాస్త విడదీసి చూద్దాం, నాకు లెక్కలంటే ఇంటర్ నుంచీ టెన్షనే అయినా. అరవై మంది ఉన్న హోమ్ అనుకోండి. 44 ఇంటూ 60, 2640 నిమిషాలు. అంటే 44 గంటలు, ఎనిమిది గంటల షిఫ్టులు అయిదున్నర. బాగానే ఉంది. వాటిలో నాలుగున్నర పగలూ సాయంత్రమూ పెట్టి, రాత్రికి ఒక్కటి మిగిల్చినా లెక్క సరిపోతుంది. నూట ఇరవై మంది ఉన్న హోమ్‌లోనూ రాత్రికి చట్టం అడిగేది కనీసం ఒక్క నర్సునే. నిమిషాలు రోజుకి సగటుగా కొలుస్తారు, ఏ గంటకి ఎన్ని అని కాదు. హోములు పగలే ఎక్కువ నర్సుల్ని పెట్టుకోవడంలో తప్పు లేదు. డ్రెస్సింగులు, డాక్టర్ల రౌండ్లు, కుటుంబాల ఫోన్లు అన్నీ పగలే. కానీ ముసలివాళ్ళు పడేది పగలే అని ఎవరన్నారు?

ఇంకో పద్ధతి మన విక్టోరియాలోనే ఉంది. ఇక్కడి ప్రభుత్వ హోముల్లో, ఎక్కువ కేర్ అవసరమైన వార్డుల్లో, 2015 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఉదయం ఏడుగురికి ఒక నర్సు, సాయంత్రం ఎనిమిది మందికి ఒకరు, రాత్రి పదిహేను మందికి ఒకరు. వీళ్ళలో ఎన్‌రోల్డ్ నర్సులు, అంటే డిప్లొమా చదివి రిజిస్టర్డ్ నర్సు కింద పనిచేసేవాళ్ళు, కూడా కలుస్తారు. అయినా రాత్రికి విడిగా అంకె ఉంది చూడండి. ప్రైవేటు హోములకి ఆ చట్టం వర్తించదు. హోములవాళ్ళు నర్సులు దొరకడం లేదంటారు. అది అబద్ధం కాదు, రోస్టర్‌లో ఖాళీలు నేను రోజూ చూస్తున్నాను. కానీ దొరకరని రాత్రిని అలాగే వదిలేస్తే, ఉన్న ఆ ఒక్క నర్సు కూడా ఎంతకాలం ఉంటుంది?

హోమ్ చూడటానికి వెళ్ళినప్పుడు మనవాళ్ళు ముందు అడిగేది శాకాహారం ఉందా అని. అడగండి, తప్పేం లేదు. దాంతోపాటే మేనేజర్ని ఇదీ అడగండి: "రాత్రి రెండింటికి ఇక్కడ ఎంతమంది పెద్దవాళ్ళు ఉంటారు, వాళ్ళకి రిజిస్టర్డ్ నర్సులు ఎందరు? ఆ నర్సు ఒక రూమ్‌లో ఇరుక్కుపోతే రెండో రూమ్‌కి ఎవరు వెళ్తారు?" మొదటిదానికి జవాబు వెంటనే వస్తుంది. రెండోదానికి ఎంతసేపు ఆలోచిస్తారో గమనించండి.

స్టూడెంట్లకి ఒక మాట. పడినవాళ్ళని చూడగానే లేపబోకండి. నర్సుని పిలవండి, ఆవిడ విసుక్కున్నా సరే పిలవండి. ఆ గుంటూరు అబ్బాయి అంబులెన్స్ వచ్చేదాకా నలభై నిమిషాలు నేలమీదే కూర్చుని పెద్దాయనకి క్రికెట్ కబుర్లు చెప్పాడు. ఆయన స్ట్రెచర్ మీదకి ఎక్కేటప్పుడు స్కోరు అడిగాడు.

నాకు ఈ రాత్రి తొమ్మిదిన్నరకి డ్యూటీ ఉంది. ప్రశ్నలుంటే భోజనాల్లోపే అడిగేయండి.