డబ్బు కట్ అయిందా లేదా? పేమెంట్ యాప్‌లో పనికొచ్చే ఎర్రర్ మెసేజ్ రాయడం

నమస్కారం. ఈ వీడియో యాప్‌లు తయారుచేసేవాళ్ల కోసం. ఎర్రర్ వచ్చినప్పుడు స్క్రీన్ మీద ఏం కనిపించాలో ఇవాళ చూద్దాం. ఉదాహరణకి యూపీఐ పేమెంట్ తీసుకుంటున్నాను. కూరగాయల బండి దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా అందరూ వాడుతున్నది అదే. అక్కడ మెసేజ్ సరిగ్గా లేకపోతే మనిషికి డబ్బుల టెన్షన్.

స్క్రీన్ చూడండి. "ట్రాన్సాక్షన్ ఫెయిల్డ్. ఎర్రర్ కోడ్ యూ30." కింద ఓకే బటన్, అంతే. ఇది చూసిన మనిషికి మొదట వచ్చే అనుమానం: నా డబ్బు కట్ అయిందా, లేదా? దానికి ఇక్కడ జవాబు లేదు. కొట్టులో వెనక జనం నిలబడి ఉంటారు, ఆయన కంగారులో మళ్లీ స్కాన్ చేస్తాడు. ఒకే సరుక్కి రెండుసార్లు డబ్బు కట్టడం ఇలాగే జరుగుతుంది.

అందుకే మాటలు రాసేముందు లోపల ఏం జరిగిందో తెలుసుకోవాలి. మన యాప్ పంపిన రిక్వెస్ట్ ఎన్‌పీసీఐకి, అంటే యూపీఐని నడిపే సంస్థకి వెళ్తుంది. అక్కడి నుంచి డెబిట్ (డబ్బు కట్ చేయడం) కోసం పంపేవాళ్ల బ్యాంకుకి, ఆ తర్వాత క్రెడిట్ (డబ్బు జమ చేయడం) కోసం అందుకునేవాళ్ల బ్యాంకుకి వెళ్తుంది. ఎక్కడైనా ఆగిపోవచ్చు. ఆగిన చోటునీ కారణాన్నీ బట్టి కోడ్ వస్తుంది. జెడ్9 అంటే ఖాతాలో డబ్బు చాల్లేదు. జెడ్ఎమ్ అంటే పిన్ తప్పు. యూ67 డెబిట్ టైమవుట్, యూ68 క్రెడిట్ టైమవుట్, అంటే ఆ పనికి జవాబు సమయానికి రాలేదు. ఇలా చాలా ఉన్నాయి. ఈ జాబితా ముందు పెట్టుకుని ఒక్కోదానికీ ఒక్కో వాక్యం రాయడం మొదలుపెట్టకండి. ముందు డబ్బు ఎక్కడుందో దాన్ని బట్టి మూడు గుంపులు చేయండి: కట్ కాలేదు, కట్ అయింది కానీ చేరలేదు, ఇంకా తెలియదు.

మొదటి గుంపు తేలిక. "మీ డబ్బు కట్ కాలేదు. ఈ ఖాతాలో బ్యాలెన్స్ చాల్లేదు." బటన్ మీద ఓకే బదులు "వేరే ఖాతా నుంచి పంపండి" అని పెట్టండి. డబ్బు సంగతి మొదటి వాక్యంలోనే రావాలి, కారణం తర్వాత. కారణం కూడా పూర్తిగా చెప్పాలి. కొత్త ఫోన్‌లో రిజిస్టర్ చేసుకున్నాక మొదటి 24 గంటలు సాధారణంగా 5,000 రూపాయల వరకే పంపగలం. ఆ సంగతి తెలియని మనిషికి "లిమిట్ దాటింది" అని చూపిస్తే బ్యాంకుకి పరిగెడతాడు. "కొత్త ఫోన్ కాబట్టి రేపు ఉదయం 10:40 వరకు 5,000 దాకానే పంపగలరు" అంటే ఇంట్లోనే ఉంటాడు.

రెండో గుంపులో భయం ఎక్కువ, కాబట్టి వివరం కూడా ఎక్కువ ఇవ్వాలి. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో దీనికి గడువులు పెట్టింది. ఒక వ్యక్తికి పంపిన డబ్బు కట్ అయి అవతలివాళ్లకు చేరకపోతే, లావాదేవీ జరిగిన మర్నాటిలోగా వెనక్కి రావాలి. కొట్టుకి కట్టిన డబ్బయితే 5 రోజులు. ఆ గడువు దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం. ఇంత స్పష్టమైన రూలు ఉన్నప్పుడు "కొద్ది రోజుల్లో సరిచేయబడుతుంది" అని రాయడం అన్యాయం. తేదీ రాయండి: "850 రూపాయలు కట్ అయ్యాయి, అవతలివారికి చేరలేదు. 14వ తేదీలోగా మీ ఖాతాకి తిరిగి రావాలి. రాకపోతే ఇక్కడ ఫిర్యాదు చేయండి." పక్కనే 12 అంకెల రిఫరెన్స్ నంబరు, కాపీ బటన్. ఆ నంబరు లేకుండా కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసిన పెద్దాయన ఎంత అవస్థ పడతాడో ఊహించండి.

మూడో గుంపు దగ్గర కాస్త ఆగుదాం. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. టైమవుట్ రాగానే మన ప్రోగ్రాం క్యాచ్ బ్లాక్‌లోకి, అంటే ఎర్రర్ వస్తే ఏం చేయాలో రాసిన భాగంలోకి వెళ్తుంది, అక్కడ రాసిపెట్టిన "ఫెయిల్డ్" బయటికి వస్తుంది. కానీ టైమవుట్ అంటే మనకు జవాబు రాలేదని మాత్రమే. డబ్బు వెళ్లిపోయి కూడా ఉండొచ్చు. మనకే తెలియనిదాన్ని ఫెయిల్ అయిందని చెప్పకూడదు. "ఇంకా ఖరారు కాలేదు. బ్యాంకు జవాబు కోసం చూస్తున్నాం. అప్పటిదాకా మళ్లీ పంపకండి" అని చెప్పండి. వెనకాల స్టేటస్ చెక్ నడపండి, ఫలితం తెలియగానే నోటిఫికేషన్ ఇవ్వండి. "మళ్లీ పంపు" బటన్‌ని అప్పటిదాకా దాచేయండి. మన సర్వర్‌కి అదే రిక్వెస్ట్ రెండోసారి వచ్చినా అదే ట్రాన్సాక్షన్ ఐడీతో గుర్తుపట్టి, కొత్త పేమెంట్ మొదలుకాకుండా చూడండి. ఈ పని చేయకుండా మెసేజ్ ఎంత మర్యాదగా రాసినా లాభం లేదు.

ఇంకో సంగతి. యాప్ మొత్తం తెలుగులో పెట్టుకున్నవాళ్లకి కూడా ఎర్రర్ మాత్రం ఇంగ్లీషులో వస్తుంటుంది. కారణం, సర్వర్ పంపిన వాక్యాన్ని మనం అలాగే తెరమీద పెట్టేయడం. సర్వర్ నుంచి కోడ్ మాత్రమే తీసుకోండి, వాక్యం యాప్‌లో అన్ని భాషల్లో ఉంచండి.

మెసేజ్‌కి ఎరుపు రంగు ఒక్కటే గుర్తుగా పెట్టకండి, రంగులు తేడా తెలియనివాళ్లు ఉంటారు. చూపు లేనివాళ్లకి తెరమీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆ మెసేజ్‌ని చదివేలా కూడా చూడండి. ఇక ఫారాల్లో "ఇంటిపేరు కనీసం 2 అక్షరాలు ఉండాలి" అనే ఎర్రర్ ఉంటుంది చూడండి, దాన్ని బాగా రాయడం కాదు, తీసేయడమే సరైన పని. మనవాళ్లలో ఎంతోమందికి కార్డుల మీద ఇంటిపేరు ఒక్క అక్షరమే. తప్పు వాళ్లది కాదు.

రాశాక ఎలా పరీక్షించాలి? కోడింగ్ తెలియని ఇంట్లోవాళ్లకి ఆ స్క్రీన్ చూపించి రెండే అడగండి: డబ్బు పోయిందా? ఇప్పుడేం చేస్తారు? వాళ్లు తడుముకుంటే వాక్యం మార్చండి, వివరించి చెప్పకండి. అన్నీ ఒకేసారి మార్చలేరు కాబట్టి, గత నెల లాగ్స్ (సర్వర్‌లో నమోదైన రికార్డులు) తెరిచి ఏ ఎర్రర్ కోడ్ ఎక్కువసార్లు వచ్చిందో చూడండి. మొదట దాని మెసేజ్ తిరగరాయండి.