బ్రేక్ తొక్కితే ధడ్‌మంటున్న పాత పికప్: చాసిస్ ఇయర్ కిట్ వాడి చూశాను

అందరికీ నమస్కారం అండీ. చాసిస్ ఇయర్ అంటే బండి కింద పార్టులకు మైకులు తగిలించి, చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో వినే కిట్. ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్ కంపెనీవాళ్లు ఫ్రీగా పంపారు. ఆరు క్లిప్పులు, ఒక్కోదానికి ఒక మైకు, వినడానికి హెడ్‌ఫోన్. నేను మా పాత పికప్ సంగతి చెప్తాను.

బ్రేక్ తొక్కగానే కింద ఒక్కసారి ధడ్‌మనేది. ముందుకే పోతూ మళ్లీ తొక్కితే ఏమీ లేదు. రివర్స్‌లో బ్రేక్ వేసి, తర్వాత ముందుకొచ్చి వేస్తే మళ్లీ ధడ్. అంటే ఏదో పార్టు లూజై ముందుకోసారి, వెనక్కోసారి జరుగుతోంది. ఏది? చప్పుడు చాసిస్ (బండి కింది ఫ్రేము) అంతా పాకుతుందండీ. క్యాబిన్‌లో కూర్చుంటే ముందు ఎడమ చక్రం దగ్గరే అనిపించింది. అది నమ్మి బ్రేక్ ప్యాడ్లు, వాటిని నొక్కే కాలిపర్ పిన్నులు మార్పించాను. డబ్బులు పోయాయి, చప్పుడు పోలేదు.

ఇంతకుముందు మెకానిక్ స్టెతస్కోప్ వాడేవాడిని. ఆగి ఉన్న బండిలో ఇంజిన్ నడుస్తుంటే బేరింగు చప్పుడు పట్టడానికి బాగుంటుంది. కానీ ఇది బండి కదిలితేనే వచ్చే చప్పుడు, కదిలే బండి కింద దూరలేం కదా!

ఈ కిట్ నాకు నచ్చింది అక్కడే. కాలిపర్ బ్రాకెట్, ముందు సస్పెన్షన్ ఆర్మ్, షాఫ్ట్ సెంటర్ బేరింగ్, వెనక కమాన్ కట్ట (లీఫ్ స్ప్రింగ్) హ్యాంగర్, షాకిల్, ఆ కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టుల ప్లేటు... ఆరింటికీ క్లిప్పులు పెట్టాను. ఖాళీ గ్రౌండ్‌లో తమ్ముడు మెల్లగా నడిపాడు, పక్క సీట్లో నేను విన్నాను. నడిపేవాళ్లు మాత్రం హెడ్‌ఫోన్ పెట్టుకోకండి. కాలిపర్ దగ్గర లీలగా వినిపించింది. ఆరో ఛానల్‌కి, అంటే యూ బోల్టు ప్లేటు మైకుకి మార్చగానే సుత్తితో కొట్టినట్టే! నిజంగా ఒళ్లు జలదరించింది.

దిగి చూస్తే యూ బోల్టుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. బ్రేక్ వేసినప్పుడల్లా యాక్సిల్ కమాన్ కట్ట కింద జరుగుతోంది. అలాగే వదిలేస్తే కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ పక్కకు పోయేది. పాతవి మళ్లీ బిగించకుండా కొత్త యూ బోల్టులు, నట్లు వేసి, టార్క్ రెంచ్‌తో ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాం. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి.

కోపం తెప్పించింది క్లిప్పు పట్టు. గ్రీజు ఉన్నచోట జారిపోతోంది, రెండుసార్లు జిప్ టైలతో కట్టాల్సొచ్చింది. ఇంత మంచి మైకుకి ఇంత వదులు క్లిప్పా? అయినా వాళ్లు పంపకపోతే నేను కొనుక్కునేవాడినే.