కార్మార్థెన్ ఓటరు ఎవరి సొత్తూ కాలేదు

మిత్రులారా,

ఎన్నికల చరిత్ర అనగానే మనం దేశం మొత్తం గురించి మాట్లాడతాం. ఏ పార్టీకి ఎన్ని సీట్లు వచ్చాయి, ఎవరు ప్రధాని అయ్యారు అన్న దగ్గరే ఆగిపోతాం. ఈ సాయంత్రం నేను ఒక్క నియోజకవర్గం గురించే మాట్లాడబోతున్నాను. అది నైరుతి వేల్స్‌లోని కార్మార్థెన్. 1918లో ఏర్పడి 1997లో రద్దయింది. ఆ 79 ఏళ్లలో 13 మంది అక్కడి నుంచి బ్రిటన్ పార్లమెంటుకు వెళ్లారు. లిబరల్ పార్టీ, లేబర్ పార్టీ, వేల్స్ జాతీయ పార్టీ అయిన ప్లైడ్ కమ్రి, ఈ మూడూ అక్కడ గెలిచాయి, మూడూ ఓడాయి. కన్సర్వేటివ్ పార్టీ మాత్రం ఒక్కసారి కూడా గెలవలేదు. అయినా రెండేళ్ల పాటు కార్మార్థెన్ సభ్యుడు కామన్స్ సభలో కన్సర్వేటివ్‌ల వైపే కూర్చున్నారు. అదెలా జరిగిందో కాసేపట్లో చెబుతాను.

ముందు ఆ నేల గురించి నాలుగు మాటలు. టవీ నది పారే పచ్చని లోయ, పాడి పశువులు, చిన్న కమతాలు, ఊరూరా ప్రొటెస్టెంట్ చాపెళ్లు, ఇంటా బయటా వెల్ష్ భాష. దక్షిణాన గ్వెన్‌డ్రైథ్ లోయ వైపు వెళితే ఆంత్రసైట్ బొగ్గు గనులు. రైతు, గని కార్మికుడు ఒకే నియోజకవర్గంలో ఉండటమే ఇక్కడి రాజకీయానికి మూలం. పక్కనే ఉన్న లనెల్లి పారిశ్రామిక ప్రాంతం. 1922 నుంచి అక్కడ లేబర్ పార్టీ ఓడిందే లేదు. కార్మార్థెన్‌లో అలాంటి నిశ్చింత ఏ పార్టీకీ దక్కలేదు.

ఓటుకు మూల్యం చెల్లించాల్సి వచ్చిన ప్రాంతం అది. 1868 ఎన్నికల తర్వాత కార్డిగన్‌షైర్, కార్మార్థెన్‌షైర్ కౌంటీల్లో భూస్వాముల మాట కాదని లిబరల్ అభ్యర్థులకు ఓటేసిన కౌలు రైతులను పొలాల నుంచి వెళ్లగొట్టారు. అప్పట్లో ఎవరికి ఓటు వేస్తున్నదీ అందరి ముందూ చెప్పాల్సిందే. ఆ కౌలు రైతుల గోడు పార్లమెంటు దాకా వెళ్లింది. 1872లో రహస్య బ్యాలెట్ చట్టం రావడానికి దారితీసిన కారణాల్లో వేల్స్‌లోని ఈ బేదఖళ్లు కూడా ఉన్నాయి. తాతలు ఓటు వేసి పొలం పోగొట్టుకున్న ఇళ్లలో మనవలు ఆ ఓటును ఏ పార్టీకీ రాసివ్వలేదు. ఈ 79 ఏళ్ల ఫలితాలు చదివితే నాకు అర్థమయ్యేది ఇదే.

1918లో లిబరల్ అయిన జాన్ హైండ్స్, 1923లో మరో లిబరల్ ఎల్లిస్ ఎల్లిస్-గ్రిఫిత్. ఆయన 1924లో రాజీనామా చేయడంతో ఉప ఎన్నిక వచ్చింది. అందులో గెలిచినవారు సర్ ఆల్ఫ్రెడ్ మాండ్, రసాయన పరిశ్రమల అధిపతి, మాజీ మంత్రి. అంతకుముందు ఏడాదే స్వాన్‌సీ వెస్ట్‌లో ఓడిపోయి, సురక్షితమైన స్థానం వెతుక్కుంటూ ఈ రైతుల మధ్యకు వచ్చారు. లిబరల్‌గా గెలిచారు. తర్వాత మాజీ ప్రధాని, లిబరల్ నాయకుడు లాయిడ్ జార్జ్ తమ పార్టీ కోసం ఒక కొత్త భూవిధానం తెచ్చారు. సాగుభూమిని ప్రభుత్వ అధీనంలోకి తీసుకుని రైతుకు సాగు హక్కు కల్పించాలన్నది దాని సారం. మాండ్‌కు అది మింగుడుపడలేదు. 1926లో కన్సర్వేటివ్ పార్టీలో చేరిపోయారు. రాజీనామా చేయలేదు, మళ్లీ ఓటర్ల ముందుకు రాలేదు. మన దేశంలో 1985లో పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. బ్రిటన్‌లో అలాంటిది అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. 1928లో మాండ్‌కు ప్రభు బిరుదు దక్కి ఆయన ఎగువ సభకు వెళ్లాక గానీ కార్మార్థెన్‌కు మాట్లాడే అవకాశం రాలేదు. ఆ ఉప ఎన్నికలో లిబరల్ అయిన డబ్ల్యు. ఎన్. జోన్స్ గెలిచారు. మెజారిటీ 47 ఓట్లు. రెండో స్థానంలో నిలిచింది లేబర్ అభ్యర్థి డానియల్ హాప్కిన్.

ఆ 47 ఓట్లు లిబరల్‌లకు హెచ్చరిక. మరుసటి ఏడాదే హాప్కిన్ గెలిచారు. 1931లో లిబరల్ ఆర్. టి. ఎవాన్స్ చేతిలో ఓడారు. 1935లో మళ్లీ గెలిచారు. 1941లో ఆయన లండన్‌లో మేజిస్ట్రేటుగా వెళ్లిపోతే యుద్ధకాలపు ఒప్పందం వల్ల పోటీ లేకుండానే లేబర్ అభ్యర్థి మొయెల్విన్ హ్యూస్ సభ్యుడయ్యారు.

1945 దగ్గర కాస్త ఆగాలి. ఆ ఏడాది బ్రిటన్ అంతటా లేబర్ ప్రభంజనం. 393 స్థానాలు వారివే. లిబరల్‌లకు దేశం మొత్తం మీద మిగిలినవి 12. ఆ 12లో ఒకటి కార్మార్థెన్, అదీ లేబర్ చేతిలో నుంచి తీసుకున్నది. గెలిచినవారు రీస్ హాప్కిన్ మోరిస్. 1923లో కార్డిగన్‌షైర్‌లో లాయిడ్ జార్జ్ వర్గపు లిబరల్‌పైనే పోటీ చేసి గెలిచిన మనిషి. సొంత పార్టీ నాయకుడికి తలవంచని వ్యక్తిత్వం ఆయనది. దేశమంతా ఒకవైపు కొట్టుకుపోతున్నప్పుడు ఆ ఓటర్లు ఇలాంటి మనిషిని ఎంచుకున్నారంటే అది యాదృచ్ఛికమని నేను అనుకోను. తర్వాతి రెండు ఎన్నికల్లో ఆయన ఆధిక్యం వందల్లోనే ఉంది. అయినా 1956 నవంబరులో చనిపోయేదాకా ఆ స్థానం ఆయనదే.

1957 ఫిబ్రవరి ఉప ఎన్నికను నాటకీయంగా ఎవరైనా ఊహించి రాయాలన్నా అంత బాగా రాయలేరు. లాయిడ్ జార్జ్‌తో విభేదించిన మాండ్, లాయిడ్ జార్జ్‌ను ఎదిరించిన మోరిస్ కూర్చున్న స్థానానికి ఇప్పుడు లాయిడ్ జార్జ్ కుమార్తె మెగన్ పోటీకి వచ్చారు, అదీ లేబర్ అభ్యర్థిగా. మెగన్ 1929లో ఆంగ్లసీ నుంచి లిబరల్‌గా గెలిచి, వేల్స్ నుంచి పార్లమెంటుకు ఎన్నికైన తొలి మహిళ అయ్యారు. 1951లో ఓడారు. 1955లో లేబర్‌లో చేరారు. అప్పటికి సూయజ్ కాలువ సంక్షోభం వేడి చల్లారలేదు. ఈజిప్టుపై బ్రిటన్ చేసిన ఆ సైనిక దాడిని లిబరల్ పార్టీ వ్యతిరేకించింది. కానీ కార్మార్థెన్ లిబరల్ అభ్యర్థి జాన్ మోర్గాన్ డేవిస్ మాత్రం ప్రభుత్వాన్ని సమర్థించారు. కన్సర్వేటివ్‌లు అభ్యర్థిని నిలపలేదు. యుద్ధాన్ని వ్యతిరేకించే లిబరల్ ఓటరుకు తన పార్టీ గొంతు లేబర్ వేదిక మీద నుంచి వినిపించింది. మెగన్‌కు 23,679 ఓట్లు, డేవిస్‌కు 20,610. ప్లైడ్ కమ్రి తరఫున నిలిచిన జెన్నీ ఐరియన్ డేవిస్‌కు 5,741. ముగ్గురు అభ్యర్థుల్లో ఇద్దరు మహిళలు. 1957లో అది చిన్న విషయం కాదు.

మెగన్ గురించి మరొక మాట చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. వేల్స్‌కు సొంత పార్లమెంటు కావాలని 1950లలో సాగిన ఉద్యమానికి ఆమె అధ్యక్షురాలు. ఆ కోరికతో సుమారు రెండున్నర లక్షల సంతకాలతో 1956లో విజ్ఞాపన పత్రం సమర్పించారు. కాబట్టి స్వపరిపాలన అన్న మాట కార్మార్థెన్ ఓటరు 1966లో కొత్తగా విన్నది కాదు. అప్పటికి తొమ్మిదేళ్లుగా తమ సభ్యురాలు నమ్మిన మాటే అది.

1966 మార్చి 31 సాధారణ ఎన్నికల నాటికి మెగన్ తీవ్ర అనారోగ్యంతో ఉన్నారు. ప్రచారానికి రాలేకపోయారు. అయినా 9,233 ఓట్ల ఆధిక్యంతో గెలిపించారు. మే 14న ఆమె కన్నుమూశారు. జులై 14న ఉప ఎన్నిక.

ప్లైడ్ కమ్రి అభ్యర్థి ఆ పార్టీ అధ్యక్షుడు గ్విన్‌వోర్ ఎవాన్స్. బారీ పట్టణంలో పుట్టి, పెరిగాక వెల్ష్ భాష నేర్చుకున్నవారు. లంగడోగ్‌లో గ్రీన్‌హౌసుల్లో టమాటాలు పండించేవారు. గాంధీని ఆరాధించిన శాంతివాది, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరడానికి నిరాకరించారు. 1949 నుంచి కౌంటీ కౌన్సిల్ సభ్యుడు. లేబర్ అభ్యర్థి గ్విలిమ్ ప్రిస్ డేవిస్ కూడా వేల్స్ భాషనూ హక్కులనూ ప్రేమించిన మనిషే. ఆయన్ను వేల్స్ ద్రోహిగా చిత్రించే కథనాలు అన్యాయం.

ఫలితం ఇది. గ్విన్‌వోర్‌కు 16,179. ప్రిస్ డేవిస్‌కు 13,743. లిబరల్ హైవెల్ డేవిస్‌కు 8,650. కన్సర్వేటివ్ సైమన్ డేకు 2,934, ధరావతు గల్లంతు. వెస్ట్‌మినిస్టర్‌లో అడుగు పెట్టిన తొలి ప్లైడ్ కమ్రి సభ్యుడు గ్విన్‌వోరే.

లేబర్ ప్రభుత్వం మీద కోపంతో వేసిన ఓటు అని చాలామంది దీన్ని తేల్చేస్తారు. కోపం ఉన్న మాట నిజం. గనులు మూతపడుతున్నాయి. కార్మార్థెన్ నుంచి అబెరిస్ట్విత్‌కు ప్రయాణికుల రైలు 1965లో ఆగిపోయింది. పల్లెల నుంచి యువత వెళ్లిపోతోంది. కానీ అంకెలు చూడండి. పదిహేను వారాల్లో లేబర్ పోగొట్టుకున్నది 7,478 ఓట్లు. ప్లైడ్ కమ్రి అదనంగా సంపాదించింది 8,763. అప్పటికీ మొత్తం పోలైన ఓట్లు నాలుగున్నర వేల దాకా తగ్గాయి. లేబర్ కోల్పోయిన ప్రతి ఓటూ గ్విన్‌వోర్‌కే పడిందనుకున్నా లెక్క సరిపోదు. లిబరల్‌లు 3,338, కన్సర్వేటివ్‌లు 2,404 ఓట్లు నష్టపోయారు. అంటే మూడు పార్టీల ఇళ్ల నుంచీ జనం బయటికి నడిచారు. ప్రభుత్వం మీద కోపమొక్కటే కారణమైతే ప్రతిపక్షాల ఓట్లు ఎందుకు తగ్గాలి?

నా ఉద్దేశంలో ముంపు సమస్యను ఇక్కడ తక్కువగా అంచనా వేస్తారు. ఉత్తర వేల్స్‌లో లివర్‌పూల్ నగర తాగునీటి కోసం కాపెల్ కెలిన్ అనే వెల్ష్ గ్రామాన్ని 1965లో ముంచేశారు. ఆ బిల్లుకు వేల్స్ సభ్యుల్లో ఒక్కరూ అనుకూలంగా ఓటేయలేదు. అయినా చట్టమైంది. అదే సమయంలో కార్మార్థెన్‌షైర్‌లోని లంగన్‌డైర్న్ లోయను ముంచి నీళ్లు తీసుకుపోవాలని స్వాన్‌సీ నగరపాలక సంస్థ చూసింది. 1963లో ఆ ఊరివాళ్లు పొలాల గేట్లకు గొలుసులు బిగించి సర్వే సిబ్బందిని రానివ్వలేదు. చివరికి స్వాన్‌సీ వెనక్కి తగ్గింది. ఊరు నిలిచింది. తమ సభ్యుల్లో ఒక్కరూ అనుకూలంగా ఓటేయకపోయినా పార్లమెంటు ఒక ఊరిని ముంచగలదనీ, కలిసి నిలబడితే ఊరిని కాపాడుకోవచ్చనీ మూడేళ్లలో రెండూ కళ్లారా చూసిన ఓటర్లు వీళ్లు. ముంపు గ్రామాల బాధ తెలిసిన తెలుగువారికి దీని బరువు వేరే చెప్పనక్కర్లేదు.

గ్విన్‌వోర్ వెల్ష్‌లో ప్రమాణం చేస్తానంటే స్పీకర్ అనుమతించలేదు. ఇంగ్లిషులోనే చేయాల్సి వచ్చింది. సభలో ఒంటరిగా కూర్చుని వందల ప్రశ్నలు వేశారు. బయట మాత్రం ఆ గెలుపు ప్రభావం పెద్దది. 1967 రోండా వెస్ట్, 1968 కేర్‌ఫిలీ ఉప ఎన్నికల్లో లేబర్ కంచుకోటలు కంపించాయి. 1967లో స్కాట్లాండ్‌లోని హామిల్టన్‌లో స్కాటిష్ జాతీయవాది విన్నీ ఎవింగ్ గెలిచారు. వేల్స్, స్కాట్లాండ్‌ల స్వపరిపాలన సంగతి పరిశీలించడానికి 1969లో ప్రభుత్వం రాజ్యాంగంపై రాయల్ కమిషన్ వేయాల్సి వచ్చింది.

అయినా కార్మార్థెన్ ఆయన్నూ నెత్తిన పెట్టుకుని ఊరేగలేదు. 1970లో ఆ కౌంటీలోనే పుట్టిన 27 ఏళ్ల లేబర్ యువకుడు గ్వినోరో జోన్స్ 3,907 ఓట్లతో ఓడించారు. 1974 ఫిబ్రవరిలో మళ్లీ వాళ్లిద్దరే. జోన్స్‌కు 17,165. ఎవాన్స్‌కు 17,162. మూడు ఓట్లు! పలుమార్లు తిరిగి లెక్కించారు. అదే ఎన్నికలో ఉత్తరాన కార్నార్వన్, మెరియనిత్ స్థానాలు ప్లైడ్ కమ్రికి దక్కాయి. దారి చూపిన అధ్యక్షుడు మాత్రం ఇంట్లో ఉండిపోయారు. అక్టోబరులో మళ్లీ ఎన్నికలు. ఈసారి ఎవాన్స్‌కు 23,325, జోన్స్‌కు 19,685. ఇద్దరి ఓట్లూ పెరిగాయి. ఆ మూడు ఓట్లు చూశాక మిగతా పార్టీల వాళ్లు తమ ఓటును వృథా కానివ్వకుండా ఈ ఇద్దరిలో ఒకరిని ఎంచుకున్నారన్నమాట.

1979 మార్చి 1న వేల్స్ శాసనసభ కోసం జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 'వద్దు' అన్నవారు 'కావాలి' అన్నవారికి దాదాపు నాలుగు రెట్లు. రెండు నెలలకే సాధారణ ఎన్నికలు. లేబర్ అభ్యర్థి డాక్టర్ రోజర్ థామస్ చేతిలో ఎవాన్స్ 1,978 ఓట్లతో ఓడారు. ఆయన మళ్లీ పార్లమెంటుకు వెళ్లలేదు. కానీ వెల్ష్ టెలివిజన్ చానల్ ఇస్తామన్న మాటను కొత్త ప్రభుత్వం తప్పినప్పుడు, 1980 అక్టోబరు 6 నుంచి ఆమరణ నిరాహార దీక్ష చేస్తానని ప్రకటించింది ఈ ఓడిన అభ్యర్థే. సెప్టెంబరు 17న ప్రభుత్వం దిగివచ్చింది. చానల్ 1982 నవంబరు 1న మొదలైంది. భాష కోసం నిరాహార దీక్ష అనగానే మనకు 1952లో ప్రాణాలు అర్పించిన పొట్టి శ్రీరాములు గుర్తొస్తారు. లండన్‌లో ఒక ప్రభుత్వం సమయానికి మేలుకోవడం వల్ల గ్విన్‌వోర్ 2005 దాకా జీవించారు.

1983లో ఎవాన్స్ చివరిసారి పోటీ చేసి మూడో స్థానంలో నిలిచారు. 1987 నుంచి రద్దయ్యే దాకా లేబర్ సభ్యుడు ఆలన్ విలియమ్స్. 1997 మేలో నియోజకవర్గం రెండుగా చీలి పక్క ప్రాంతాలతో కలిసిపోయింది. 2024లో వేల్స్ స్థానాలు 40 నుంచి 32కు తగ్గినప్పుడు వెల్ష్ పేరుతో, కైర్‌వర్దిన్‌గా, మళ్లీ ఒక స్థానం ఏర్పడింది. దాన్ని ప్లైడ్ కమ్రి అభ్యర్థి ఆన్ డేవిస్ గెలిచారు.

చెప్పాల్సింది ఇంకొక్కటి ఉంది. 1997 సెప్టెంబరు 18న వేల్స్ శాసనసభపై రెండో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. రాత్రంతా ఒక్కో ప్రాంతం ఫలితం వస్తుంటే చివరికి మిగిలింది కార్మార్థెన్‌షైర్. అప్పటికి 'వద్దు' పక్షం 16,275 ఓట్ల ముందంజలో ఉంది. కార్మార్థెన్‌షైర్‌లో 'కావాలి' అన్నవారు 49,115 మంది, 'వద్దు' అన్నవారు 26,119 మంది. మొత్తం మీద 6,721 ఓట్ల తేడాతో వేల్స్‌కు శాసనసభ వచ్చింది.